మావిలో రక్తప్రసరణ తగ్గిందన్నారు, మేం చేసిన తప్పేమిటి?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, కోవూరు దగ్గర పల్లె. మా అమ్మాయికి 23 ఏళ్లు. కిందటేడు కొండపి వైపు పొగాకు పండించే వాళ్లింటికి ఇచ్చాం. తొలి కాన్పు కాబట్టి ఏడో నెలలో తీసుకొచ్చాం. ఇప్పుడు 31వ వారం. మొన్న స్కాన్ చేసి, మావిలో (మాయ, ప్లాసెంటా) రక్తప్రసరణ తగ్గిందని, బిడ్డ 1,200 గ్రాములే ఉందని, ఉమ్మనీరు కూడా కొంచెం తక్కువని చెప్పారు. రక్తం ముందుకే పోతోంది గానీ అడ్డు పెరిగిందట. వారం వారం డాప్లర్ స్కాన్‌కు రమ్మన్నారు. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి రావచ్చన్నారు. అమ్మాయికి హిమోగ్లోబిన్ 9.2. బీపీ మొదట్లో 110/70, ఇప్పుడు 132/86. రక్తం తక్కువ కాబట్టే బిడ్డకు అందడం లేదా? రక్తం ఎక్కిస్తే సరిపోతుందా? మూడో నెల నుంచి ఐదో నెల దాకా అత్తగారింట్లో పొగాకు పనిలో కూర్చుంది. దానివల్లేనా? మా అత్తగారేమో ఎనిమిదో నెల బిడ్డ బతకదు, పైగా ఆషాఢం వస్తోంది, శ్రావణం దాకా ఆగమంటున్నారు. ఇన్ని స్కాన్లు తీస్తే బిడ్డకు హాని కాదా? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక మాట. ఈ వారం స్కాన్‌కు వెళ్లి వచ్చారా? లేకపోతే ఇది పక్కన పెట్టి అమ్మాయిని తీసుకెళ్లండి. మిగతాది వచ్చాక చదువుకోవచ్చు.

మీది కోవూరు ప్రాంతం. వరిమడికి నీళ్లు పెట్టడం మీకు నేను చెప్పనక్కరలేదు. మావి చేసే పని చెప్పడానికి నాకు ఇన్నేళ్లలో అంతకంటే మంచి పోలిక దొరకలేదు. కాలువ నీరు మడిలోకి వచ్చి నిలుస్తుంది. వరి వేళ్లు ఆ నీటిలో మునిగి ఉండి తమకు కావలసింది పీల్చుకుంటాయి. అంతే గానీ కాలువ తిన్నగా మొక్క కాడలోకి పారదు. గర్భసంచి గోడలో ఉండే సన్నని రక్తనాళాలే ఆ కాలువలు. వాటిలోంచి తల్లి రక్తం మావిలోని ఖాళీల్లోకి చేరుతుంది. బిడ్డ వైపు నుంచి వచ్చిన వేళ్లలాంటి కుచ్చులు ఆ రక్తంలో మునిగి ఉంటాయి. కుచ్చుల లోపల పారేది బిడ్డ రక్తం, చుట్టూ ఉన్నది తల్లి రక్తం, రెంటికీ మధ్య ఒక పలుచని పొర. ప్రాణవాయువు, చక్కెర, మాంసకృత్తుల సారం ఆ పొర దాటి బిడ్డకు చేరతాయి. బిడ్డకు అక్కరలేనివి అదే పొర దాటి తల్లి రక్తంలోకి వచ్చేస్తాయి.

రెండు రక్తాలూ కలవవు. అందుకే తల్లిది ఒక గ్రూపు, బిడ్డది ఇంకో గ్రూపు అయినా తొమ్మిది నెలలు ఒకే కడుపులో ఇమిడిపోతారు. 18వ శతాబ్దంలో లండన్‌లో విలియం హంటర్, జాన్ హంటర్ అనే అన్నదమ్ములు, గర్భంతో ఉండగా చనిపోయిన స్త్రీల రక్తనాళాల్లోకి కరిగించిన మైనం ఎక్కించి చూసి, ఈ రెండు ప్రవాహాలూ వేరని తేల్చారు. ఆ తేల్చడంలో గొప్ప ఎవరిదన్న దాని మీద ఆ ఇద్దరూ తగువు పడ్డారు కూడా.

నెలలు నిండేసరికి మావి అర కిలో బరువు, జానెడు వెడల్పు, రెండు వేళ్ల మందం ఉంటుంది. అందులోని కుచ్చులన్నిటినీ విప్పి పరిస్తే పది అడుగులకు పన్నెండు అడుగుల గది నేలంత అవుతుంది. గర్భం లేనప్పుడు గర్భసంచికి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం చేరితే, నెలలు నిండాక 500 నుంచి 750 మిల్లీలీటర్ల దాకా చేరుతుంది.

అంత రక్తం రావాలంటే కాలువలు వెడల్పు కావాలి. గర్భసంచి గోడలోని ఆ నాళాలు మామూలుగా సన్నగా, మెలికలు తిరిగి, బిగుసుకునే కండరంతో ఉంటాయి. గర్భం నిలిచాక మావి కణాలు ఆ గోడలోకి చొచ్చుకుపోయి, నాళాల కండరాన్ని కరిగించి, వాటి నోళ్లను గరాటాల్లా విప్పుతాయి. తొలి నెలల్లో మొదలై సుమారు 20 వారాలకు ఈ పని ముగుస్తుంది. కొందరిలో ఇది సగంలో ఆగిపోతుంది. అప్పుడు కాలువ నోరు సన్నగానే ఉండిపోతుంది. నీరు తక్కువగా వస్తుంది, వచ్చిన నీరు ఒరవడిగా చిమ్ముతుంది. సన్నని తూములోంచి విసురుగా దూకే నీరు మడిలో మట్టిని కోసేసినట్టు, ఆ విసురు మావి కుచ్చులను దెబ్బ తీస్తుంది. బిడ్డ ఎదుగుదల మందగించడానికీ, తల్లికి బీపీ పెరగడానికీ చాలా సందర్భాల్లో మూలం ఇక్కడే ఉంది.

ఇదంతా ఎందుకు వివరించానంటే, మీ ఉత్తరం నిండా మీ మీద మీకున్న అనుమానం కనిపిస్తోంది. ఏడో నెలలో మీరు వడ్డించిన అన్నమో, వడ్డించని అన్నమో దీన్ని నిర్ణయించలేదు. ఈ కాలువల సంగతి మీ అమ్మాయి ఇంకా వేవిళ్లతో ఉన్నప్పుడే మొదలై, ఐదో నెలకే తేలిపోయింది. తొలి కాన్పు కావడం, ముందునుంచీ బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉండడం, కవలలు కావడం వంటివి ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. కారణం ఇదీ అని చెప్పలేనివి కూడా చాలా ఉంటాయి. ఇందులో మీ తప్పు లేదు, మీ అమ్మాయి తప్పు అంతకన్నా లేదు.

ఇక రక్తం తక్కువ, రక్తప్రసరణ తక్కువ. వినడానికి ఒకేలా ఉన్నా ఇవి రెండు వేర్వేరు విషయాలు. చదువుకున్న వాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు. హిమోగ్లోబిన్ అంటే రక్తంలో ప్రాణవాయువును మోసే సరుకు ఎంతుందో చెప్పే లెక్క. ప్రసరణ అంటే ఆ రక్తం మావికి ఎంత చేరుతోందన్న లెక్క. నీటిలో సారం పెంచినంత మాత్రాన కాలువ వెడల్పు కాదు. కాబట్టి రక్తం ఎక్కిస్తే ప్రసరణ బాగుపడదు. 9.2కు రక్తం ఎక్కించాల్సిన పని కూడా సాధారణంగా ఉండదు. అలాగని దాన్ని వదిలేయకూడదు. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో సగం మందికి పైగా ఇదే స్థితిలో ఉన్నారు. వచ్చే రక్తమే తక్కువైనప్పుడు అందులో సారం కూడా తక్కువైతే బిడ్డకు రెండు దెబ్బలు. ఐరన్ మాత్రలు టీతో గానీ పాలతో గానీ కాకుండా నిమ్మరసంతోనో మంచినీళ్లతోనో వేయించండి. కాల్షియం మాత్ర వేరే పూట వేయాలి. సమయం తక్కువ కాబట్టి ఐరన్‌ను సెలైన్‌తో పాటు నరంలోకి ఎక్కించే వీలుందేమో డాక్టరును అడగండి.

డాప్లర్ స్కాన్‌లో వాళ్లు ఏం చూస్తున్నారో తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది. బొడ్డుతాడులో మూడు నాళాలుంటాయి. రెండు బిడ్డ నుంచి మావికి రక్తాన్ని తీసుకుపోతాయి, ఒకటి మావి నుంచి మంచి రక్తాన్ని బిడ్డకు తెస్తుంది. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం మావి వైపు దూకుతుంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య, గుండె విశ్రాంతి తీసుకునే ఆ క్షణంలో కూడా రక్తం మెల్లగా ముందుకు సాగుతూనే ఉండాలి. మావి మెత్తగా, తెరుచుకుని ఉంటే సాగుతుంది. గట్టిపడితే ఆ మధ్య ప్రవాహం తగ్గుతుంది, ఇంకా ముదిరితే ఆగిపోతుంది, మరీ ముదిరితే వెనక్కి తన్నుతుంది. స్కాన్ గదిలో ఈసారి చెవి పెట్టి వినండి. మంచి ప్రవాహం ఉష్... ఉష్... అంటూ ఒకదానిలోకి ఒకటి కలిసిపోతూ వినిపిస్తుంది. అడ్డు పెరిగిన కొద్దీ రెండు ఉష్‌ల మధ్య ఎడం తేలుతుంది. మీ రిపోర్టు ప్రకారం ప్రవాహం ముందుకే సాగుతోంది. అది మంచి మాట. కానీ ఈ వారం రిపోర్టు ఈ వారానిదే, వచ్చే వారానికి అది హామీ కాదు. అందుకే వారం వారం రమ్మన్నారు. స్కాన్‌లో ఎక్స్‌రే కిరణాలుండవు. అది చెవికి వినబడని శబ్దంతో చేసే పరీక్ష. వైద్యుల చేతిలో బిడ్డకు దానివల్ల హాని జరిగినట్టు దాఖలాలు లేవు.

ఉమ్మనీరు ఎందుకు తగ్గిందో కూడా చెబుతాను. ఇంట్లో బియ్యం తక్కువైన రోజున తల్లి ముందు పిల్లలకు పెట్టి తాను సరిపెట్టుకున్నట్టు, కడుపులోని బిడ్డ కూడా వచ్చిన కాస్త రక్తాన్ని ముందు మెదడుకూ గుండెకూ పంపి, మూత్రపిండాలకు తగ్గించుకుంటుంది. ఉమ్మనీరులో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే కాబట్టి అది తగ్గుతుంది. ఇలాంటి బిడ్డల్లో తల సరిగానే ఉండి పొట్ట సన్నగా కనబడుతుంది. ఎవరూ నేర్పకుండా తనను తాను కాపాడుకునే ఆ చిన్న ప్రాణాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె తడి అవుతుంది.

పొగాకు సంగతి. ఇక్కడ సూటిగా చెప్పాలి. పొగాకు ఆకులోని నికోటిన్ రక్తనాళాలను బిగించే గుణం కలది. పొగ తాగితేనే ఒంట్లోకి పోతుందనుకోకండి. పచ్చాకు, అందులోనూ మంచుకో చెమటకో తడిసిన ఆకు, చేతులతో పట్టుకుంటే చర్మం గుండానే లోపలికి పోతుంది. సంక్రాంతి దాటాక ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌కు (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టానికి) ఎక్కించే రోజుల్లో కొందరికి తల తిరగడం, వాంతులు రావడం ఇందువల్లనే. మూడో నెల కడుపుతో ఉన్న పిల్లకు అవే లక్షణాలు కనబడితే ఇంట్లో అందరూ వేవిళ్లనుకుని ఊరుకుంటారు. గ్రేడింగ్ దగ్గర, అంటే ఆకును రకాలుగా వేరు చేసే చోట, ఎండిన ఆకు దుమ్ము కూడా మంచిది కాదు. గర్భిణి పచ్చాకు ముట్టకూడదు, బ్యారన్ దగ్గర, గ్రేడింగ్ దగ్గర కూర్చోకూడదు, ఇంట్లో చుట్టా సిగరెట్టూ కాల్చేవారి పక్కన ఉండకూడదు. ఇది ఆ ప్రాంతంలో ప్రతి అత్తగారికీ తెలియాలని నా కోరిక.

కానీ మీ అమ్మాయి విషయంలో దానివల్లే ఇలా జరిగిందని నేను గానీ, ఏ డాక్టరు గానీ చెప్పలేం. ఒక్క ఆకు కూడా ముట్టని వాళ్లకూ ఇలా జరగడం చూశాను. మీ ఉత్తరంలో వియ్యపురాలి మీద కోపం అక్షరాల మధ్య కనబడుతోంది. ఆవిడ కూడా కడుపుతో ఉండగా అదే పని చేసి ఉంటారు, ఎవరూ వద్దని చెప్పి ఉండరు. ఇప్పుడు మీ అమ్మాయికి రెండు కుటుంబాలూ కావాలి. స్కాన్‌కు వెళ్లేటప్పుడు అల్లుణ్ని పిలిపించండి. డాక్టరు చెప్పేది అతనూ తన చెవులతో వినాలి, ఎందుకంటే రేపు అర్ధరాత్రి సంతకం పెట్టాల్సి వస్తే పెట్టేది అతనే.

తిండి గురించి ఎక్కువ రాయను. ఇద్దరి తిండి తినిపించినా కాలువ వెడల్పు కాదు. గుడ్డు, పప్పు, చేప, మునగాకు, రాగి సంకటి, మామూలుగా ఆకలికి సరిపడా పెట్టండి. ఈ రోహిణి కార్తె ఎండల్లో నీళ్లు, మజ్జిగ తగ్గకుండా చూడండి. కుంకుమపువ్వుకు డబ్బు తగలేయకండి. పడుకునేటప్పుడు పక్కకు తిరిగి పడుకోమనండి. వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భసంచి వెన్నెముక పక్కనున్న పెద్ద సిరను నొక్కి, గుండెకు తిరిగి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. ఎడమ పక్క మేలంటారు, కుడి పక్కకు తిరిగినా తప్పు లేదు. రోజంతా మంచానికే కట్టేయడం వల్ల మాత్రం బిడ్డ ఎదుగుతుందన్న రుజువు లేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రక్తప్రసరణ పెంచుతాయంటూ ఎవరో చెప్పిన మాత్రలు, పొడులు కొనకండి. సిల్డెనాఫిల్ అనే మందు మీద చాలా ఆశ పెట్టుకుని నెదర్లాండ్స్‌లో పరీక్షించారు. పుట్టిన బిడ్డల ఊపిరితిత్తులకు హాని జరిగి, మరణాలు కనబడడంతో 2018లో మధ్యలోనే ఆపేశారు. మీ డాక్టరు ఏదైనా మందు రాస్తే అది దేనికని అడగండి, అడగడం మీ హక్కు.

ఇక ఎనిమిదో నెల. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అన్న మాట మా నాయనమ్మా అనేది. అందులో నిజం లేదు. కడుపులో గడిపిన ప్రతి వారం బిడ్డకు బలమే, ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డ కంటే ఎప్పుడూ గట్టిదే. అయితే ఆ బలం మావి సరిగా పనిచేస్తున్నంతకాలమే. మావి చేతులెత్తేశాక కడుపులో గడిపే ప్రతి రోజూ బిడ్డకు ఆకలి రోజు, ఊపిరాడని రోజు. మీ అమ్మాయి ప్రవాహం ఇప్పటిలా ముందుకు సాగుతూ, బిడ్డ కొంచెం కొంచెంగానైనా ఎదుగుతూ ఉంటే, దాదాపు 37 వారాల దాకా ఆగవచ్చు. మధ్య ప్రవాహం ఆగిపోతే 34 వారాల లోపే తీయాల్సి వస్తుంది. వెనక్కి తన్నితే అంతకంటే ముందే. 34 వారాల లోపు కాన్పు తప్పదనిపిస్తే బిడ్డ ఊపిరితిత్తులు బలపడడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే డాక్టరు ముందుచూపుతో చెప్పిన తేదీకి మనం అడ్డు చెప్పకూడదు.

కడుపుతో ఉన్నమ్మ కనక మానుతుందా అంటారు. కంటుంది. ఎప్పుడు కనాలో మాత్రం ఈ కాన్పులో పంచాంగం చెప్పలేదు, డాప్లర్ చెప్పాలి. మీ అత్తగారికి నా మాటగా చెప్పండి: పెద్దమ్మా, శ్రావణంలో పుట్టిన బిడ్డ కంటే, ఆషాఢంలో పుట్టి శ్రావణంలో మీ ఒడిలో ఉండే బిడ్డ మేలు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక అమ్మాయి వచ్చింది. మీ అమ్మాయి వయసే. బిడ్డ కదలడం లేదని ముందురోజు సాయంత్రమే ఇంట్లో చెప్పింది. ఆ రోజు అమావాస్య. తెల్లారాక బయలుదేరుదామన్నారు పెద్దలు. వాళ్లు వచ్చేసరికి నా చెవికి ఆనించిన గొట్టంలో తల్లి నాడి తప్ప ఇంకేమీ వినబడలేదు. కాన్పు అయ్యాక మావిని పళ్లెంలో పెట్టి చూశాను. ఎర్రగా, మెత్తని స్పంజిలా ఉండాల్సినది అరచేతికి కొంచెం పెద్దగా, గట్టిగా, అంచుల వెంబడి తెల్లని మచ్చలతో ఉంది. వేలితో నొక్కితే ఇసుక తగిలినట్టు గరగరలాడింది. ఎన్నో వారాలుగా ఆ బిడ్డ ఆ కాస్త మావితోనే నెట్టుకొచ్చింది. చివరికి కదలికలు తగ్గించుకుని తనకు చేతనైన భాషలో చెప్పింది. ఆ పళ్లెం ముందు నిలబడ్డ రోజు నుంచి, కదలికల మాట ఎత్తితే నా గొంతు పెరుగుతుంది. ఎవరైనా కోప్పడుతున్నాననుకున్నా సరే.

కాబట్టి కదలికలు. అన్నం తిన్నాక అమ్మాయిని పక్కకు తిరిగి పడుకోబెట్టి, చెయ్యి పొట్ట మీద వేసుకుని లెక్కపెట్టమనండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియాలి. అంతకంటే తగ్గినా, రోజూ ఉండే తీరు మారిందని ఆమెకు అనిపించినా, చల్లనీళ్లు తాగించి చూద్దాం, రేపు చూద్దాం అనకండి. వెంటనే బయలుదేరండి. అర్ధరాత్రయినా, అమావాస్యయినా 108కు ఫోను చేయండి. అది ఉచితం.

బీపీ 132/86 ఇంకా హద్దు దాటలేదు గానీ పైకి ఎక్కుతోంది. వారానికి కనీసం రెండుసార్లు చూపించండి, మీ ఊరి ఏఎన్ఎం చూస్తారు. 140/90 దాటితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 160/110 అయితే క్షణం ఆగకూడదు. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, డొక్కల కింద కుడివైపు నొప్పి, తెల్లారేసరికి ముఖం, చేతులు ఉబ్బడం, వీటిలో ఏది కనబడినా ఆలస్యం వద్దు. గుర్రపువాతం (బీపీ వల్ల గర్భిణికి వచ్చే ఫిట్స్) వచ్చే ముందు కనబడే గుర్తులివి. మూత్రంలో మాంసకృత్తుల పరీక్ష చేశారో లేదో అడగండి.

కాన్పు ఎక్కడన్నది ఇప్పుడే తేల్చుకోండి. 1,200 గ్రాముల బిడ్డ ఎప్పుడు బయటికి వచ్చినా చూసుకునే నవజాత శిశు విభాగం ఉన్న చోటే జరగాలి. మీకు నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దగ్గర. ముందుగా ఒకసారి వెళ్లి పేరు నమోదు చేయించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే రోజు ఉంది. కానీ వారం వారం స్కాన్ దానికోసం ఆగకూడదు.

ఒక్క పని చివరిలో గుర్తుంచుకోండి. కాన్పు అయ్యాక మావిని తీసేసే ముందు దాన్ని తూచి, చూసి, ఎలా ఉందో కేసు కాగితంలో రాయమని డాక్టరును అడగండి. వీలైతే పరీక్షకు పంపమనండి. ఆ కాగితాన్ని బిడ్డ పుట్టిన తేదీ రాసుకున్న కాగితంతో పాటు దాచండి. మీ అమ్మాయి మళ్లీ నెల తప్పినప్పుడు, మూడో నెల దాటకముందే దాన్ని డాక్టరుకు చూపించాలి. ఇలాంటి తల్లులకు 16 వారాల లోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే ముప్పు తగ్గే అవకాశం ఉంది. ఆ కాలువలు వెడల్పయ్యే రోజులవే.